ర్యామ్ ఇంకా ఖాళీగానే ఉంది, అయినా "మెమరీ తక్కువైంది" అని ఎందుకు వస్తోంది?

వెన్నెలగూడు:
అందరికీ నమస్కారం. నా కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్, విండోస్ 10 ఉన్నాయి. వారం రోజులుగా పని మధ్యలో మెమరీ తక్కువగా ఉందని, ప్రోగ్రాములు మూసేయమని ఒక పెట్టె వస్తోంది. నిన్న అది వచ్చిన నిమిషానికే బ్రౌజర్ మూసుకుపోయింది. గంటన్నర కూర్చుని నింపిన ఫారం మొత్తం పోయింది, ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే టాస్క్ మేనేజర్ చూస్తే ఇంకా 2.3 జీబీ ఖాళీ అని ఉంది. ఖాళీ ఉండగా లేదని ఎందుకంటోంది? ర్యామ్ పాడైందేమోనని టెన్షన్‌గా ఉంది.

సున్నాఒకటి:
ర్యామ్ పాడైతే సాధారణంగా నీలి తెర వస్తుంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. ఇలా మర్యాదగా పెట్టె రాదండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్లి మెమరీ మీద నొక్కండి. గ్రాఫ్ కింద "కమిటెడ్" అని, మధ్యలో గీతతో రెండు అంకెలుంటాయి. అవి ఎంతో చెప్పండి.

వెన్నెలగూడు:
7.6/7.9 జీబీ.

సున్నాఒకటి:
అదీ సంగతి. రెండో అంకె మీ హద్దు. ర్యామ్, పేజ్ ఫైల్ (ర్యామ్‌కి తోడుగా డిస్కులో ఉండే ఫైలు) కలిపితే వచ్చేది అదే. మీది 7.9 దగ్గరే ఆగిందంటే పేజ్ ఫైల్ లేనట్టే. ఎప్పుడైనా తీసేశారా?

వెన్నెలగూడు:
అవునండీ. పేజ్ ఫైల్‌లో రాస్తూ ఉంటే ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) త్వరగా అరిగిపోతుందని ఒక వీడియోలో చెబితే, వర్చువల్ మెమరీ సెట్టింగ్‌లో "నో పేజింగ్ ఫైల్" పెట్టాను. అది జరిగి రెండు వారాలైంది. దానికీ దీనికీ సంబంధం ఉందనుకోలేదు.

సున్నాఒకటి:
ఉంది, కాస్త వివరంగా చెబుతాను. ప్రతి ప్రోగ్రామూ తనకు ఇంత మెమరీ కావాలని విండోస్‌ను ముందే అడిగి పెట్టుకుంటుంది. విండోస్ సరేనని మాట ఇస్తుంది కానీ, ప్రోగ్రాం అందులో నిజంగా ఏదైనా రాసేదాకా ర్యామ్‌లో చోటు కేటాయించదు. రైలు రిజర్వేషన్ లాంటిదే ఇది. సీట్లన్నీ బుక్కయిపోతే, రైలు పెట్టె సగం ఖాళీగా కనబడుతున్నా కౌంటర్లో టికెట్ ఇవ్వరు. మీ 2.3 జీబీ అలా బుక్కయిన ఖాళీ సీట్లు. విండోస్ తన దగ్గర లేని చోటును మాట ఇవ్వదు కాబట్టి, ఇచ్చిన మాటల మొత్తం, అంటే ఆ కమిటెడ్ మొదటి అంకె, 7.9 దగ్గరికి రాగానే హెచ్చరిక చూపించింది.

పేజ్ ఫైల్ అంటే సీ డ్రైవ్‌లో దాచి ఉండే పేజ్‌ఫైల్.సిస్ అనే ఫైలు. ర్యామ్ 4 కేబీ పేజీలుగా విడిపోయి ఉంటుంది. చాలాసేపు ఎవరూ ముట్టుకోని పేజీలను విండోస్ అందులోకి పంపి, మళ్లీ అవసరమైనప్పుడు వెనక్కి తెస్తుంది. ఏమీ పంపకపోయినా సరే, ఆ ఫైలు ఉందంటే చాలు, హద్దు పెరుగుతుంది. ఈ రెండో ఉపయోగాన్ని చాలామంది పట్టించుకోరు.

అరుగుదల గురించి అంత భయం వద్దు. విండోస్ 7 రోజుల్లోనే మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు తమ పరిశీలనలో పేజ్ ఫైల్‌లో రాసేదానికంటే చదివేది సుమారు 40 రెట్లు ఎక్కువని రాశారు, ఎస్ఎస్‌డీ మీద పెట్టడానికి అది తగిన ఫైలేనని కూడా అన్నారు. ఆ సెట్టింగ్‌కే వెళ్లి పైన ఉన్న "ఆటోమేటిక్" గడిలో టిక్కు పెట్టి, రీస్టార్ట్ చేయండి.

మెట్లదారి:
నాది ఆటోమేటిక్‌లోనే ఉంది, అయినా ఆ పెట్టె వచ్చేది. కారణం వేరే. సీ డ్రైవ్‌లో 1 జీబీ కూడా మిగల్లేదు, ఇక ఫైలు పెరగడానికి చోటెక్కడిది? డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోని పాత వీడియోలు వేరే డ్రైవ్‌కి మార్చాక మళ్లీ రాలేదు.

పాతకీబోర్డు:
హెచ్చరిక పోవడం వేరు, కంప్యూటర్ హాయిగా నడవడం వేరు. దయచేసి రెండింటినీ కలపకండి. మా ఇంట్లో 4 జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్కు. పేజ్ ఫైల్ బాగా పెంచాను, పెట్టె రావడం ఆగింది. కానీ ఒక ట్యాబ్ నుంచి ఇంకోదానికి మారితే డిస్కు గరగరమంటూ తిరుగుతుంది, ఎర్ర లైటు ఆరదు, మౌస్ బాణం గంతులేస్తూ కదులుతుంది. అక్షరం టైపు చేశాక తెర మీద కనబడటానికి మూడు నాలుగు సెకన్లు. ర్యామ్ నుంచి తేవడానికి సెకనులో కోటో వంతు పడితే, తిరిగే డిస్కు నుంచి తేవడానికి వందో వంతు పడుతుంది. అంటే లక్ష రెట్లు. దానికి సెట్టింగుల్లో మందు లేదు. ఇంకో 4 జీబీ వేయించాకే తెరిపిన పడ్డాం.

నీలిపెన్ను:
నా అనుభవం కూడా చెప్పాలి, ఎందుకంటే మూడు నెలలు అనవసరంగా ర్యామ్‌ను తిట్టుకున్నాను. 16 జీబీ ఉంది, పేజ్ ఫైల్ ఉంది, సీ డ్రైవ్‌లో బోలెడు చోటుంది. అయినా నాలుగైదు రోజులు ఆపకుండా ఉంచితే హెచ్చరిక వచ్చేది. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో పైనున్న శీర్షికల మీద కుడి క్లిక్ చేసి "కమిట్ సైజ్" అనే నిలువు వరుస తెప్పించుకున్నాను. ప్రింటర్‌తో పాటు వచ్చిన ఒక చిన్న ప్రోగ్రాం పొద్దున 300 ఎంబీ, రాత్రికి 2 జీబీ, మర్నాటికి 5. తీసుకున్నది తిరిగి ఇవ్వడం దానికి రాదు, మెమరీ లీక్ అంటారే అదే. తీసేశాను, అంతే.

సున్నాఒకటి:
మంచి మాట చెప్పారు. ఇలాంటివి పట్టుకోవడానికి ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్‌లో జరిగినవి నమోదయ్యే చోటు) సిస్టం లాగ్ తెరిచి 2004 నంబరు ఈవెంట్ కోసం వెతకండి. హెచ్చరిక వచ్చిన సమయానికి ఎక్కువ మెమరీ పట్టుకున్న మూడు ప్రోగ్రాముల పేర్లు అందులో రాసి ఉంటాయి.

మెట్లదారి:
ర్యామ్ క్లీనర్లు వాడొచ్చా? నొక్కగానే ఖాళీ పెరిగినట్టు చూపిస్తాయి కదా.

పాతకీబోర్డు:
వద్దే వద్దు. చాలావరకు అవి చేసేది ప్రోగ్రాముల పేజీలను బలవంతంగా బయటికి తోసేయడమే. అంకె బాగుంటుంది, మళ్లీ ఆ ప్రోగ్రాం ముట్టుకుంటే అవన్నీ వెనక్కి రావాలి. కమిటెడ్ అంకె దాదాపు కదలదు.

వెన్నెలగూడు:
టిక్కు పెట్టి రీస్టార్ట్ చేశాను. నిన్నటిలాగే అన్నీ తెరిచి ఉంచితే ఇప్పుడు కమిటెడ్ 8.4/12.6 చూపిస్తోంది, పొద్దుటి నుంచి పెట్టె ఒక్కసారీ రాలేదు. ఫారం మళ్లీ నింపాను, ఈసారి పేజీ పేజీకీ సేవ్ చేసుకుంటూ. నీలిపెన్ను గారు చెప్పిన వరుస కూడా తెప్పించుకుని చూశాను, పేరు తెలియని ప్రోగ్రాం ఒకటి 900 ఎంబీ దగ్గర ఉంది. రేపు అదెంతకు చేరిందో ఇక్కడే రాస్తాను.