అప్‌డేట్: లింగ్వల్ బార్ మానుకొని ప్లేటే వేశాము
కింది దవడలో రెండు వైపులా వెనుక పళ్ళు లేని రోగికి తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళ సెట్ చేస్తూ, దాని కోబాల్ట్ క్రోమ్ (లోహ మిశ్రమం) ఫ్రేమ్‌లో రెండు వైపులనూ కలపడానికి లింగ్వల్ బార్ (ముందు పళ్ళ వెనుక, నాలుక వైపు చిగురు అంచుకు దిగువన ఉండే సన్నని లోహపు పట్టీ) సరిపోతుందా అని ఇంతకుముందు అడిగాను. మీరు సూచించినట్లే, రోగి చేత నాలుకను కొద్దిగా పైకెత్తించి, చిగురు అంచు నుంచి నోటి అడుగు వరకు ప్రోబ్‌తో (కొలత గీతలున్న సన్నని పరికరం) కొలవగా 6 మి.మీ. మాత్రమే వచ్చింది, 4 మి.మీ. ఎత్తుండే బార్‌కూ, చిగురు వద్ద వదలవలసిన కనీసం 3 మి.మీ. ఖాళీకీ అది చాలదు కనుక పళ్ళ వెనుక భాగాన్ని కూడా కప్పే లోహపు ప్లేటును ఎంచుకున్నాను. కొలవకముందే డిజైన్ గీసి ల్యాబ్‌కు పంపబోవడం నా తొందరపాటే. చివరి ప్రీమోలార్లపై (కోర పళ్ళ వెనుక ఉండే చిన్న పళ్ళు) రెస్టులను, అంటే పంటిపై ఆనే లోహపు ముక్కలను, ముందు వైపుకు మార్చి, ఐ-బార్ (పంటిని పట్టుకునే I ఆకారపు కొక్కెం) కొనను 0.25 మి.మీ. అండర్‌కట్‌లో (పంటి ఉబ్బు కింది లోతట్టు భాగం) ఉంచాము, నమిలేటప్పుడు శాడిల్ (కట్టుడు పళ్ళను మోస్తూ చిగురుపై కూర్చునే భాగం) కిందికి కుంగినా కొన పంటిని లాగకుండా వదులుతుంది. ట్రయల్‌లో ఎడమ రెస్టు పూర్తిగా కూర్చోలేదు. గైడ్ ప్లేన్‌ను (సెట్ నేరుగా దిగేలా పంటిపై చదును చేసిన పక్క తలం) తాకే లోహంపై కనిపించిన ఆవగింజంత మెరుపు మచ్చను అరగదీయగానే దిగింది.