విప్పిన టర్బో భాగాలకు తుప్పు పట్టకుండా ఏం పూయాలి?

నమస్కారమండీ. మా పాత డీజిల్ జీపు టర్బో (ఎగ్జాస్ట్ పొగతో రెక్కలు తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టే పరికరం) ఇంట్లోనే విప్పి రిపేర్ కిట్ వేస్తున్నాను. గాలి లాగే వైపు హౌసింగ్ అల్యూమినియం, కాస్టిక్ సోడా తగిలితే తినేస్తుంది కాబట్టి డీజిల్, నైలాన్ బ్రష్‌తోనే జిడ్డు వదిలించాను. చిక్కంతా ఎగ్జాస్ట్ వైపు పోత ఇనుముతోనే. కార్బన్ గీకి, సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టేలోపే ఎర్రటి పొర! మాది కాకినాడ, ఉప్పుగాలి సంగతి తెలిసిందే.

కొత్త సీళ్లు వచ్చేదాకా దీనికి ఇంజిన్ ఆయిల్ పూసి కవర్లో చుట్టి ఉంచితే చాలా? బిగించాక బయట 600 డిగ్రీల సిల్వర్ పెయింట్ నిలుస్తుందా? లోపల మాత్రం వేయను, పెచ్చులూడితే రెక్కలకు ప్రమాదం. ఇంకోటి, షాఫ్ట్ మీద కాలిన ఆయిల్ మరకలు ఎమెరీ పేపర్ తగలకుండా ఎలా తీస్తారు? స్వయంగా చేసినవాళ్లు చెప్పండి.