గాలం బరువుల పోత: ముడతలు ఎందుకు పడుతున్నాయి?

యారాడ గాలం:
రాళ్ల మీద నుంచి వెయ్యడానికి 80 గ్రాముల సీసం బరువులు పోస్తున్నాను. అచ్చు అల్యూమినియంది, రెండు పలకలు. మొదట పోసిన నాలుగైదు బరువులు ముడతలు పడుతున్నాయి, తోక దగ్గర నిండడం లేదు. సీసం వేడి చాలడం లేదా?

భీమిలి తీరం:
సీసం కాదండీ, అచ్చు చల్లగా ఉంది. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది గానీ, చల్లటి పలక తగలగానే పైపొర బిగుసుకుపోతుంది. అచ్చును సెగకు వెచ్చబెట్టి, లోపల కొవ్వొత్తి మసి పట్టించండి. గరిటెతో ఒక్క ధారగా పొయ్యాలి, మధ్యలో ఆగితే అక్కడే గీత. అచ్చు మరీ కాగితే తెల్లటి గరుకు వస్తుంది, చేపకేం పట్టదు లెండి.

పాత వల:
అసలు సంగతి తడి! వైజాగ్ గాలికి రాత్రికి రాత్రే అచ్చు చెమ్మగిల్లుతుంది. లోపల ఒక్క నీటి చుక్కున్నా ఆవిరై సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. కళ్లద్దాలు, తోలు గ్లౌజులు ఉండాల్సిందే. పోత ఆరుబయటే, వంటింట్లో వద్దు.

యారాడ గాలం:
పాత టైరు బరువులు (చక్రం సమతూకానికి అంచుకు బిగించేవి) కరిగించొచ్చా?

పాత వల:
వాటిలో జింకువి ఉంటే ఏరి పారెయ్యండి. జింకు 420 దగ్గర గానీ కరగదు, తక్కువ సెగ మీద పైకి తేలుతుంది, గరిటెతో తీసెయ్యొచ్చు. బ్యాటరీ పలకల జోలికి మాత్రం వెళ్లకండి, విషవాయువులు వస్తాయి.