బాక్సర్ కుక్కపిల్లకి ట్రైనింగ్: క్లిక్కరా, తిండి చూపించి నేర్పడమా?

మా బాక్సర్ జాతి కుక్కపిల్లకి మూడో నెల దాటింది. తెలివైనదే కానీ ఒక్కచోట కాలు నిలవదు. ఎవరొచ్చినా వెనక్కాళ్ల మీద లేచి ముందు పంజాలతో దబదబా గుద్దేస్తుంది. ఇప్పుడైతే ముద్దుగానే ఉంది. 30 కిలోల కుక్కయ్యాక కూడా ఇదే పని చేస్తే ఎవరో ఒకరు కింద పడటం ఖాయం.

ఒక ట్రైనర్‌ని అడిగితే చోక్ చైన్ (గుంజితే మెడకి బిగుసుకునే గొలుసు) వేసి, మాట విననప్పుడల్లా ఒక్క గుంజు గుంజమన్నారు. నాకు మనసొప్పలేదు. అసలే చప్పిడి ముక్కు జాతి, కాస్త పరిగెత్తితేనే రొప్పుతుంది. దాని మెడ బిగిస్తే ఎలా? అందుకే మెడకి కాకుండా ఛాతీ చుట్టూ వేసే పట్టీ, హార్నెస్ వేస్తున్నాను.

ఇక నేర్పడానికి మిగిలినవి రెండు: క్లిక్కర్ (నొక్కితే టక్కుమనే చిన్న పరికరం), లేదా తిండి చూపించి చేయించడం. డాగ్ ఫుడ్ పలుకొకటి ముక్కు దగ్గర పట్టుకుని నెమ్మదిగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్తే దానంతట అదే కూర్చుంటోంది. చేతిలో ఏమీ లేకపోతే మాత్రం నేనెవరో తెలియనట్టు చూస్తుంది! క్లిక్కర్ అయితే కూర్చున్న క్షణంలోనే టక్కుమనిపించి, వెంటనే తిండి పెట్టాలి. ఇంట్లో అందరికీ ఆ టైమింగ్ కుదురుతుందా అని నా టెన్షన్. క్లిక్ బదులు 'భేష్' లాంటి ఒకే మాట వాడినా సరిపోతుందా?

బాక్సర్లను పెంచినవాళ్లు చెప్పండి. తిండి చూపించకుండానే మాట వినే దశకి ఎలా తెచ్చారు? మీద ఎగబడుతుంటే వీపు తిప్పి నిలబడటం పనిచేసిందా, లేక 'కూర్చో' బాగా అలవాటయ్యాకే తగ్గిందా? కొరకడం గురించి అడగను, పళ్లు మారే వయసు కదా, భరిస్తున్నాం.