జడత్వం అంటే కదలకపోవడమేనా? ఇన్‌ఎరెంట్, ఇన్‌ఫాలిబుల్ ఒకటేనా?

ప్రశ్న – డిగ్రీ విద్యార్థిని, తిరుపతి
అందరికీ నమస్కారం. ఇంటర్ వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఇప్పుడు పోటీ పరీక్షల కోసం ఇంగ్లీషు పదజాలం నేర్చుకుంటున్నాను. ఇనర్షియా, ఇనర్ట్, ఇన్‌యాక్షన్ మూడింటికీ మా గైడులో ‘చలనం లేకపోవడం’ అనే ఉంది. ఇన్‌ఎరెంట్, ఇన్‌ఫాలిబుల్ రెండింటికీ ‘తప్పులేని’ అని ఇచ్చారు. వీటి మధ్య తేడా ఏమిటో తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

జవాబు – భౌతికశాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు
అమ్మా, ఇనర్షియా, అంటే జడత్వం, చలనం లేకపోవడం కాదు. ఉన్న స్థితిని వస్తువు తనంతట తాను మార్చుకోలేకపోవడం. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కుడివైపు మలుపు తిరిగినప్పుడు, కడ్డీ పట్టుకోకుండా నిలబడిన ప్రయాణికుడు ఎడమవైపుకు ఒరిగిపోతాడు. అతణ్ణి ఎవరూ నెట్టలేదు. బస్సు దారి మళ్ళింది గాని, అతని శరీరం అంతకుముందు పోతున్న దిక్కుకే పోబోయింది. లాటిన్‌లో ఈ మాటకు మూలార్థం నేర్పులేనితనం, సోమరితనం. ఖగోళశాస్త్రవేత్త కెప్లర్ దీన్ని పదార్థానికి అన్వయించినప్పుడు వస్తువులు సహజంగా నిలిచిపోతాయనే భావించాడు. 1687లో వెలువడిన గ్రంథంలో న్యూటన్, నిలిచిన వస్తువుకూ సమవేగంతో తిన్నగా సాగే వస్తువుకూ ఇది సమానంగా వర్తిస్తుందని స్థిరపరిచాడు. మీ గైడులోని అర్థం ఆ పాత భావానికే దగ్గరగా ఉంది.

ఇన్‌యాక్షన్ వేరు. చెరువు కట్ట బలహీనపడిందని తెలిసి కూడా వానాకాలానికి ముందు మట్టి వేయించకపోతే, అది ఇన్‌యాక్షన్. చేయవలసిన పని చేయకపోవడమన్న నింద ఆ మాటలో తరచుగా ధ్వనిస్తుంది.

జవాబు – రసాయనశాస్త్ర పరిశోధకుడు, తిరుపతి
ఇనర్ట్ అంటే ఇతర పదార్థాలతో సులభంగా చర్య జరపనిది. రేలీ, రామ్సేలు 1894లో కనుగొన్న ఆర్గాన్ వాయువుకు ఆ పేరు ‘పని చేయనిది’ అనే అర్థంగల గ్రీకు మాట నుండే వచ్చింది. అయితే 1962లో రసాయనశాస్త్రవేత్త బార్ట్‌లెట్ అదే కుటుంబానికి చెందిన జినాన్‌తో సమ్మేళనం తయారుచేశాక, ఈ వాయువులకున్న ‘జడ (ఇనర్ట్) వాయువులు’ అనే పేరు పూర్తిగా సరిపోదని తేలింది. ‘ఉత్కృష్ట వాయువులు’ అనడమే మేలు.

జవాబు – ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు, శ్రీకాళహస్తి
మిగిలిన రెండింటి సంగతి నేను చెబుతాను. ఇన్‌ఎరెంట్ అంటే తప్పు లేనిది. ఇన్‌ఫాలిబుల్ అంటే తప్పడానికి వీలే లేనిది. ఒక చిట్టాలో తప్పు లేకపోవచ్చు, అది రాసిన గుమాస్తా మాత్రం రేపు పొరబడవచ్చు. ఇన్‌ఎరెంట్ ఎక్కువగా మతగ్రంథాల విషయంలోనే కనిపిస్తుంది. 1870లో కతోలిక బిషప్పుల మొదటి వాటికన్ మహాసభ పోప్‌కు ఆపాదించినది ఇన్‌ఫాలిబిలిటీ; అదీ విశ్వాసానికి, నీతికి సంబంధించి ఆయన సమస్త క్రైస్తవులకు అధికారికంగా సిద్ధాంతం ప్రకటించినప్పుడు మాత్రమే. ఇన్‌ఫాలిబుల్‌ను మందులకు, ఉపాయాలకు కూడా వాడతారు. అక్కడ ‘తప్పక పనిచేసే’ లేదా ‘అమోఘమైన’ అని గుర్తించండి.