అప్‌డేట్: జేఎస్‌ట్రీలో బాణం గుర్తు రాని సమస్య తీరింది

జేఎస్‌ట్రీతో (వెబ్ పేజీలో ఫోల్డర్లను కొమ్మలుగా చూపే జావాస్క్రిప్ట్ ప్లగిన్) చేసిన ఫోల్డర్ల ట్రీలో పై వరుస మాత్రమే వస్తోంది, పక్కన బాణం గుర్తు లేదు, నొక్కినా లోపలివి లోడ్ కావట్లేదు అని అడిగాను కదా. తేలింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లోని నెట్‌వర్క్ ట్యాబ్‌లో సర్వర్ ఏం పంపుతోందో చూడమన్న సలహాయే పనిచేసింది. మా ఏపీఐ (సర్వర్‌లో డేటా ఇచ్చే భాగం) ప్రతి ఫోల్డర్‌కూ 'చిల్డ్రన్' దగ్గర ఖాళీ అర్రే (ఏమీ లేని జాబితా) పంపుతోంది. అది చూసి లోపల ఏమీ లేదని జేఎస్‌ట్రీ తేల్చేసుకుంటుంది, ఇక సర్వర్‌ను అడగనే అడగదు. అక్కడ 'ట్రూ' రావాలి. బ్యాకెండ్ వాళ్లు అది మార్చగానే బాణాలు వచ్చాయి, నొక్కితే ఆ నోడ్ (ట్రీలోని ఒక్కో అంశం) ఐడీతో రిక్వెస్ట్ వెళ్తోంది. మొట్టమొదటి రిక్వెస్ట్‌లో ఐడీగా హ్యాష్ గుర్తు వస్తుంది, దాన్ని రూట్‌గా, అంటే ట్రీ మొదలుగా తీసుకోవాలి. నిజంగా ఖాళీగా ఉన్న ఫోల్డర్లకు 'ట్రూ' పంపకండి. బాణం ఊరికే కనిపించి, నొక్కగానే మాయమవుతుంది, వాడేవాళ్లకు చిరాకు.

బ్రౌజర్ కాష్, జేఎస్‌ట్రీ వెర్షన్, సీఎస్‌ఎస్: వేటికీ ఈ సమస్యతో సంబంధం లేదు.

ఇంకోటి, సెర్చ్ అప్పటికే లోడ్ అయిన నోడ్లలోనే వెతుకుతుంది. లోపలివీ దొరకాలంటే సెర్చ్ ప్లగిన్‌కు ఏజాక్స్ (సర్వర్‌ను అడిగే) సెట్టింగ్ ఇచ్చి, తెరవాల్సిన ఫోల్డర్ల ఐడీలు సర్వర్ నుంచి పంపాలి.