హ్యాంగర్ నుంచి కోర్టు హాలుకి: ఏది ముందు, ఏది తర్వాత?

హ్యాంగర్_బే3
ఏఎంఈ (విమాన మెయింటెనెన్సు ఇంజనీర్) లైసెన్సు ఉంది, లైన్ మెయింటెనెన్సులో పని. ఎల్‌ఎల్‌బీ చేసి విమాన ప్రయాణికుల తరఫున, ముఖ్యంగా వీల్‌చైర్ వాడేవాళ్ల తరఫున వాదించాలని ఉంది. ఉద్యోగం వదలకుండా ఎంతదాకా వెళ్లొచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లకోటు
ముందు డిగ్రీ సంగతి చూసుకోండి. ఏఎంఈ అయినా, సీపీఎల్ (కమర్షియల్ పైలట్) అయినా లైసెన్సే, డిగ్రీ కాదు. ఇంటర్ అవగానే నేరుగా వాటిలోకి వెళ్లినవాళ్లకు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ అర్హత రాదు. లాసెట్ (లా ప్రవేశ పరీక్ష) ర్యాంకు వచ్చాక కౌన్సెలింగ్‌లో ఈ విషయం బయటపడితే ఏడాది పోతుంది. ఇంటర్ పాసై ఉంటే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ సరిపోతుంది. ఇంటర్ లేకుండా నేరుగా ఓపెన్‌లో చేసిన డిగ్రీని మాత్రం బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. మార్కులు జనరల్‌కి 45 శాతం, ఓబీసీకి 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి.

లాసెట్ 120 ప్రశ్నలు, 90 నిమిషాలు. సగం ప్రశ్నలు లీగల్ ఆప్టిట్యూడ్ నుంచే. తెలుగులోనూ రాయొచ్చు.

అసలు ఇబ్బంది హాజరు. 70 శాతం తప్పనిసరి. దూరవిద్య ఎల్‌ఎల్‌బీతో ఎన్‌రోల్‌మెంట్ (బార్ కౌన్సిల్‌లో న్యాయవాదిగా నమోదు) రాదు. షిఫ్టు డ్యూటీతో ఈ హాజరు కుదరాలంటే యాజమాన్యం నుంచి రాతపూర్వక అనుమతి, రోస్టర్ సర్దుబాటు ముందే తీసుకోండి. "కాలేజీలో మాట్లాడుకుందాంలే" అన్న ధీమాతో చేరకండి.

టాక్సీవే_చార్లీ
ఉద్యోగం గురించి సూటిగా చెప్తాను. బార్ కౌన్సిల్ 49వ రూల్ ప్రకారం న్యాయవాది పూర్తికాలపు జీతగాడుగా ఉండకూడదు. అంటే ఎల్‌ఎల్‌బీ పూర్తయ్యేదాకా ఉద్యోగం నడుస్తుంది గానీ, ప్రాక్టీసుకి వచ్చాక నడవదు. లా కాలేజీలో రోజుకు మూడు గంటలలోపు పాఠాలు చెప్పడానికి మినహాయింపు ఉంది.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు అడ్వొకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం మొత్తం 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125. అంతకు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024 జులైలో తీర్పిచ్చింది. ఆ తర్వాత ఏఐబీఈ, అంటే ప్రాక్టీసుకి బార్ కౌన్సిల్ పెట్టే పరీక్ష: 100 ప్రశ్నలు. బేర్ యాక్టులు (వ్యాఖ్యలు లేని చట్టం పుస్తకాలు) లోపలికి తీసుకెళ్లొచ్చు, వాటిలో నోట్సు రాసి ఉండకూడదు.

లైసెన్సు సంగతి కూడా ఇప్పుడే ఆలోచించండి. ఏఎంఈ లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యూవల్. గత రెండేళ్లలో ఆరు నెలల మెయింటెనెన్సు అనుభవం లేకపోతే సర్టిఫై చేసే హక్కు వాడుకోలేరు. కోర్టుకి వచ్చాక అది నిద్రపోతుంది. దానికి దిగులు పడకండి. కోర్టులో మీకు పనికొచ్చేది సంతకం హక్కు కాదు, టెక్ లాగ్ (విమానం లోపాలు, మరమ్మతులు రాసే పుస్తకం) చదవగల కన్ను.

ఫైలు_కట్ట
ఆ కన్ను ఎలా పనికొస్తుందో విమానం రద్దయిన ఒక కేసుతో చూద్దాం.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు (సీఏఆర్) సెక్షన్ 3, సిరీస్ ఎం, పార్ట్ 4 ప్రకారం రద్దు పరిహారం బ్లాక్ టైమ్‌ని బట్టి ఉంటుంది. గంట వరకు 5,000, గంట దాటి రెండు గంటల వరకు 7,500, ఆ పైన 10,000. లేదా బేసిక్ ఫేర్, ఫ్యూయల్ ఛార్జీ కలిపినంత. ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది. ఈ ఆఖరి మాట చదవకుండా 3,200 బేసిక్ ఫేర్ టికెట్‌కి 10,000 అడిగే పిటిషన్లు చాలా ఉంటాయి. మానసిక వేదన, ఖర్చులు విడిగా అడగాలి.

బ్లాక్ టైమ్ అంటే గాల్లో ఎగిరిన సమయం కాదు, చాక్స్ (చక్రాలకు పెట్టే అడ్డుదిమ్మలు) తీసినప్పటి నుంచి మళ్లీ పెట్టేదాకా. స్లాబు అంచున ఉన్న రూట్లలో ఈ తేడాతోనే 2,500 మారుతుంది.

ఎయిర్‌లైన్ జవాబులో మామూలుగా వచ్చేది "ప్రతికూల వాతావరణం". అది నిజమైతే పరిహారం ఉండదు. కాబట్టి ఆ గంట మెటార్ (విమానాశ్రయ వాతావరణ నివేదిక) తీయండి. శంషాబాద్ కోడ్ వీఓహెచ్‌ఎస్. 0800 ఎఫ్‌జీ అని ఉంటే విజిబిలిటీ 800 మీటర్లు, పొగమంచు. 6000 ఉంటే ఆ సాకు నిలవడం కష్టం. గమ్యం మెటార్, ఆ విమానం అంతకుముందు బయల్దేరిన ఊరి మెటార్ కూడా చూడకుండా వాదన మొదలుపెట్టకండి. ఎదుటివాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు. ప్రింటౌట్లకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయండి.

"సాంకేతిక లోపం" అంటే టెక్ లాగ్ తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ని వినియోగదారుల చట్టం 38(9) కింద అడగండి. అదే లోపం మూడు రోజుల కిందటే ఎంఈఎల్ (ఏ లోపాలతో విమానం నడపొచ్చో చెప్పే జాబితా) కింద మరమ్మతు వాయిదా వేసి ఉంటే, అది "ముందుగా తెలియని కారణం" ఎలా అవుతుంది? ఆ పేజీ చూపించి ఈ ప్రశ్న వేయగలిగే లాయర్లు తక్కువ.

హ్యాంగర్_బే3
చాలా థాంక్సండీ. వీల్‌చైర్ కేసుల్లో గడువులు ఎలా ఉంటాయి?

రాంప్_దారి
అంతర్జాతీయ ప్రయాణంలో దెబ్బతిన్న చెక్డ్ బ్యాగేజీకి 7 రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజుల్లో రాతపూర్వక ఫిర్యాదు ఉండాలి. కౌంటర్‌లో పీఐఆర్ (బ్యాగేజీ ఫిర్యాదు పత్రం) రాయించుకున్నా ఈమెయిల్ కూడా పంపండి. అంతర్జాతీయ విమాన ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం రెండేళ్లు దాటితే హక్కే పోతుంది. వినియోగదారుల చట్టంలోనూ గడువు రెండేళ్లే గానీ, ఆలస్యానికి కారణం చూపితే క్షమించే వీలుంది. రెండూ ఒకటేననుకుని ధీమాగా కూర్చుంటే కేసు మొదటి వాయిదాలోనే పోవచ్చు.

దేశీయ ప్రయాణంలో బ్యాగేజీ బాధ్యత పరిమితి 20,000 రూపాయలు. మోటార్ వీల్‌చైర్ ధర దానికి ఎన్నో రెట్లు. అందుకే చెక్‌ఇన్‌లోనే విలువ ప్రకటన ఇచ్చి, రసీదు తీసుకోమని క్లయింట్లకు ముందే చెప్పాలి. కుర్చీ నాలుగు పక్కలా, జాయ్‌స్టిక్, ఫుట్‌రెస్ట్ దగ్గరగా ఫోటోలు తీసుకోవాలి. విడదీసే లిథియం బ్యాటరీ ఒకటైతే 300 వాట్ అవర్లు, రెండైతే ఒక్కోటి 160 దాటకూడదు. లేబుల్ మీద వోల్టులు, ఆంపియర్ అవర్లు మాత్రమే ఉంటే గుణించాలి: 24 వోల్టులు, 10 ఆంపియర్ అవర్లు అంటే 240. ఈ లెక్క రాసిన కాగితం కుర్చీకి కట్టి ఉంటే కౌంటర్ దగ్గర సగం గొడవ తప్పుతుంది.

తీర్పుల్లో ముందు చదవాల్సింది జీజా ఘోష్ కేసు, 2016. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ప్రయాణికురాలిని విమానం దించినందుకు సుప్రీంకోర్టు 10 లక్షల పరిహారం ఇప్పించింది. దయ చూపించమని కాదు, గౌరవం హక్కు కాబట్టి. పిటిషన్ భాష కూడా అలాగే ఉండాలి.

ఈలోగా ఉద్యోగంలో ఉంటూనే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారాలీగల్ వాలంటీర్‌గా దరఖాస్తు పెట్టండి. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్‌లోనే ఉంది. ఫైలు తయారుచేయడం అక్కడే చేతికొస్తుంది.